డోర్న్‌లో చక్రవర్తి గారి ఇల్లు

నెదర్లాండ్స్ (హాలండ్)లోని ఉట్రెక్ట్‌కి వచ్చి మూడేళ్లయినా, పక్కనే ఉన్న డోర్న్‌కి వెళ్లడం మొన్న ఆదివారమే కుదిరింది. డ్రీబర్గెన్-జైస్ట్ స్టేషన్‌లో దిగేసరికి బస్సు కళ్ల ముందే వెళ్లిపోయింది. చలిలో అరగంట నిలబడలేక మా ఆవిడ పులిహోర డబ్బా అక్కడే తెరిచేసింది.

హౌస్ డోర్న్ అంటే పెద్ద కోట అనుకున్నాను. తీరా చూస్తే కందకం మధ్య ఓ మోస్తరు బంగ్లా, చుట్టూ మాత్రం బోలెడంత తోట. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడి 1918 నవంబరులో హాలండ్‌కి పారిపోయి వచ్చిన జర్మనీ చక్రవర్తి రెండో విల్హెల్మ్, మొదట అమెరోంగెన్‌లో ఒక కౌంట్ ఇంట్లో తలదాచుకుని, ఆ తర్వాత ఇది కొనుక్కుని 1920లో దిగాడు. యుద్ధంలో గెలిచిన దేశాలు మాకప్పగించండి అంటే డచ్ వాళ్లు ససేమిరా అన్నారు. సామాను మాత్రం జర్మనీ నుంచి 59 రైలు వ్యాగన్లలో వచ్చిందట! అందుకే లోపల గోడ కనిపించదు, అన్నీ పటాలూ, వెండి సామానూ, ముక్కుపొడి డబ్బాలూ. ప్యాలెస్ సామానంతా డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో సర్దినట్టుంది.

నాకు బాగా గుర్తుండిపోయింది ఆయన రాతబల్ల. కుర్చీ ఉండాల్సిన చోట గుర్రపు జీను బిగించిన స్టూలు! పుట్టుకతోనే ఎడమ చెయ్యి చచ్చుబడింది కాబట్టి భోజనానికి కూడా ఒక అంచు కత్తిలా కోసే ఫోర్కు వాడేవాడట. అలాంటి చెయ్యి ఉండి కూడా తోటలో వేల చెట్లు నరికించాడూ, నరికాడూ. రాజ్యం పోయాక పొద్దు గడవాలిగా మరి.

1941 జూన్ 4న ఇక్కడే పోయాడు. జర్మనీలో మళ్లీ రాచరికం వచ్చేదాకా నన్ను అక్కడికి తీసుకెళ్లొద్దన్నాడు, అందుకని శవపేటిక ఇప్పటికీ ఈ తోటలోని చిన్న సమాధి మందిరంలోనే ఉంది. 1945లో డచ్ ప్రభుత్వం ఎస్టేటును స్వాధీనం చేసుకుంది, ఇప్పుడది మ్యూజియం. వారసులు 2014లో తిరిగిమ్మని అడిగితే కుదరదనేశారు. చాలావరకు వాలంటీర్లే నడిపిస్తున్నారు. మాకు గదులు చూపించిన పెద్దావిడ కూడా వాలంటీరే, ఆ జీను కథ చెప్పేటప్పుడు ఆవిడకి మాకన్నా హుషారు.

తిరిగొస్తుంటే చెట్ల కింద ఒక రాయి కనిపించింది. సెంటా అనే కుక్కది, 1907–1927, యుద్ధమంతా చక్రవర్తి వెంటే ఉందని చెక్కారు. మావాడు ఆ రాయి దగ్గరే కూర్చుండిపోయాడు, బస్సు టైమవుతోందని లేపాల్సొచ్చింది.