టేకు అలమర పని: చట్రం మూలలు సరిచూడడం

విజయవాడలో ఏటా జనవరిలో జరిగే పుస్తక మహోత్సవం నాటికి సిద్ధం కావాలని మొదలుపెట్టిన పుస్తకాల అలమరకు ఈ వారం బయటి చట్రం బిగించాను. నిలువు 90 సెంటీమీటర్లు, అడ్డం 60. జిగురు ఆరితే మూలలు కదలవు కనుక, అంతకుముందే అది నిజంగా దీర్ఘచతురస్రమేనా అని తేల్చుకోవాలి.

నిలువు చెక్కలు రెండూ, అడ్డ చెక్కలు రెండూ సమానమని ముందుగా టేపుతో చూశాను. ఎదురెదురు భుజాలు సమానమైతే సమాంతర చతుర్భుజం ఏర్పడుతుంది గానీ, అది ఒక పక్కకు వాలి ఉండవచ్చు. ఎదురెదురు కోణాలు సమానంగా ఉన్నాయని తృప్తిపడడానికి వీల్లేదు; వాలిన చట్రంలోనూ అవి సమానమే. చూడవలసినవి పక్కపక్క కోణాలు. వాటి మొత్తం ఎప్పుడూ 180 డిగ్రీలు కాబట్టి, ఒకటి 90 అయితే రెండవదీ 90 అవుతుంది, వాటి ఎదురు మూలలూ అంతే. ఒక్క మూలను కొలిస్తే నాలుగూ తేలిపోవడం నాకు ఎంతో అందంగా తోస్తుంది. అయితే భుజాల సంగతి తేలనప్పుడు మాత్రం మూడు మూలలు లంబకోణాలని చూడక తప్పదు.

మూల లంబకోణమో కాదో చూసే L ఆకారపు పనిముట్టు, మూలమట్టాన్ని కూడా పరీక్షించాలి. ప్లైవుడ్ తిన్నని అంచుకు ఆనించి ఒక గీత గీసి, మట్టాన్ని తిరగేసి అదే బిందువు నుంచి మరొకటి గీస్తే రెండూ కలిసిపోవాలి. విడిపోతే ఆ ఎడం అసలు దోషానికి రెట్టింపు.

ఇంత పెద్ద చట్రానికి టేపు మరింత నిక్కచ్చిగా పనిచేస్తుంది. బయటి మూల నుంచి నిలువు చెక్క మీద 45, అడ్డ చెక్క మీద పూర్తి 60 సెంటీమీటర్ల దగ్గర గుర్తు పెడితే, వాటి మధ్య దూరం సరిగ్గా 75 ఉండాలి. కోణం 89 డిగ్రీలైతే అది 6 మిల్లీమీటర్లు తగ్గుతుంది. కర్ణాలలో తేడా ఇంకా స్పష్టం: రెండూ 108.2 ఉండవలసినవి, ఆ ఒక్క డిగ్రీకే 109.0, 107.3 అవుతాయి.

క్లాంపులు బిగించాక నాకు 74.8 వచ్చింది, అంటే ఆ మూల సుమారు మూడో వంతు డిగ్రీ తక్కువ. ఆ మూలకూ ఎదురు మూలకూ, అంటే పొడవైన కర్ణం వెంట, మరో క్లాంపు వేసి కొద్దికొద్దిగా బిగిస్తే దూరం 75కు చేరింది. రాత్రంతా అలాగే ఉంచి, ఉదయం మళ్లీ కొలిచి, వెనుక 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ కొట్టాను. నాలుగు చెక్కల చట్రం కీళ్ల దగ్గర వాలకుండా ఆ పలకే పట్టి ఉంచుతుంది. ఇక లోపలి అరలు కోయాలి.