జనసాంద్రత మ్యాపు: రంగుల కన్నా ముందు హద్దులు చూసుకోండి

2011 జనాభా లెక్కల పట్టిక, పాత పది జిల్లాల షేప్‌ఫైల్ (జిల్లా సరిహద్దులు ఉండే ఫైలు) చేతిలో ఉంటే క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో తెలంగాణ మ్యాపుకి రంగులు వేయడం పది నిమిషాల పని. అలా పది నిమిషాల్లో తేలిపోయిన మ్యాపు చాలాసార్లు తప్పుదారి పట్టిస్తుంది.

అందరూ చేసే మొదటి పొరపాటు జనాభా అంకెకే నేరుగా రంగు వేసేయడం. మహబూబ్‌నగర్ జనాభా 40,53,028, హైదరాబాద్‌ది 39,43,323. అంకెల లెక్కన మహబూబ్‌నగర్‌కే ముదురు రంగు పడాలి. కానీ దాని విస్తీర్ణం 18,432 చదరపు కిలోమీటర్లు, హైదరాబాద్‌ది 217. దాదాపు 85 రెట్ల నేల మీద ముదురు రంగు పులిమితే దక్షిణాన జనం కిక్కిరిసి ఉన్నారనే అనుకుంటారు ఎవరైనా. జిల్లా అంతా రంగు నింపుతున్నామంటే వెనక ఉండే అంకె నిష్పత్తి కావాలి: చదరపు కిలోమీటరుకి ఎంతమంది, వందకి ఎంతమంది, అలాగన్నమాట.

మొత్తం సంఖ్యే చూపాలనుకుంటే జిల్లా మధ్యలో వృత్తం పెట్టండి. అక్కడా ఒక మెలిక ఉంది. రంగారెడ్డి 52.97 లక్షలు, నిజామాబాద్ 25.51 లక్షలు. రెట్టింపు కదా అని వ్యాసం రెట్టింపు చేస్తే వైశాల్యం నాలుగింతలైపోతుంది, 1.44 రెట్లు చాలు. వృత్తం సైజుని అంకెకి ముడిపెట్టే సైజు అసిస్టెంట్‌లో 'సర్ఫేస్' ఎంచుకుంటే వర్గమూలం సంగతి సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది. అయితే విలువకీ సైజుకీ కూడా కింది హద్దు 0 పెట్టాలి. అది మరిచిపోతే వృత్తాలు అందంగానే ఉంటాయి, నిష్పత్తి మాత్రం ఉండదు.

ఇక అసలు విషయం, క్లాసులు, అంటే ఒక్కో రంగు కిందకి వచ్చే అంకెల జట్లు. చదరపు కిలోమీటరుకి జనం: ఆదిలాబాద్ 170, ఖమ్మం 175, మహబూబ్‌నగర్ 220, నల్గొండ 245, వరంగల్ 273, మెదక్ 313, కరీంనగర్ 319, నిజామాబాద్ 321, రంగారెడ్డి 707, హైదరాబాద్ 18,172.

వీటిని 'ఈక్వల్ ఇంటర్వల్'తో అయిదు క్లాసులు చేస్తే ఒక్కో క్లాసు వెడల్పు 3,600 వస్తుంది. తొమ్మిది జిల్లాలూ ఒకే లేత పసుపు, నడుమ ఒక ఎర్ర చుక్క. మిగతా మూడు రంగులు లెజెండ్‌లోనే (రంగుల సూచికలోనే) ఉండిపోతాయి. హైదరాబాద్‌లో జనం ఎక్కువని చెప్పడానికి మ్యాపు దేనికి?

సరే, 'ఈక్వల్ కౌంట్' పెడదాం. క్లాసుకి రెండు జిల్లాలు, చూడ్డానికి రంగురంగులుగా బాగుంటుంది. కానీ 707 ఉన్న రంగారెడ్డి, 18,172 ఉన్న హైదరాబాద్ ఒకే రంగులో కూర్చుంటాయి. ఆరు మంది తేడా ఉన్న మెదక్, కరీంనగర్ వేర్వేరు రంగుల్లోకి పోతాయి. నా లెక్కలో మొదటిదాని కన్నా ఇదే ప్రమాదం, ఎందుకంటే తప్పు కంటికి ఆనదు.

దగ్గరి అంకెల్ని ఒక జట్టుగా కూర్చే జెంక్స్ పద్ధతి ఈ అంకెలకి బాగా నప్పుతుంది. ఆదిలాబాద్, ఖమ్మం ఒక జట్టు. మహబూబ్‌నగర్, నల్గొండ, వరంగల్ ఇంకో జట్టు. మెదక్, కరీంనగర్, నిజామాబాద్ మరొకటి. రంగారెడ్డి, హైదరాబాద్ విడివిడిగా. హద్దులు మాత్రం గుండ్రటి అంకెలు కావు. వాటిని చేత్తో 200, 300, 500, 1000కి మార్చండి, జట్లు చెదరవు. 'లింక్ క్లాస్ బౌండరీస్' టిక్ చేసి ఉంటే ఒక హద్దు మార్చగానే పక్క క్లాసు కూడా సర్దుకుంటుంది. హైదరాబాద్ ఎలాగూ చుక్కంతే కాబట్టి మూలన పెద్దది చేసి విడిగా చూపించాలి.

రంగులకి మ్యాపుల నిపుణురాలు సింథియా బ్రూయర్ తయారుచేసిన కలర్‌బ్రూయర్ వరసలు చాలు. సాంద్రతకి లేత నుంచి ముదురుకి నడిచే ఒకే వరస. స్త్రీ పురుష నిష్పత్తికి (వెయ్యిమంది పురుషులకి ఎంతమంది స్త్రీలు) మాత్రం 1000 దగ్గర తెలుపు, అటూ ఇటూ రెండు రంగులు. నిజామాబాద్ 1040, హైదరాబాద్ 954 కదా, 'సిమెట్రిక్ క్లాసిఫికేషన్' ఆన్ చేసి నడిమి విలువ 1000 ఇవ్వకపోతే తెలుపు పక్కకి జరుగుతుంది.

విస్తీర్ణం మీరే లెక్కకడుతుంటే వెబ్ మెర్కేటర్ (ఆన్‌లైన్ మ్యాపుల్లో భూమిని చదునుగా పరిచే పద్ధతి) లేయర్ మీద చదునుగా కొలవకండి. మన అక్షాంశాల దగ్గర వైశాల్యం దాదాపు పది శాతం ఉబ్బుతుంది, సాంద్రత ఆ మేరకు పడిపోతుంది. డాలర్ గుర్తుతో మొదలయ్యే 'ఏరియా' వాడితే, ప్రాజెక్టులో ఎలిప్సాయిడ్ (భూమి ఆకారపు నమూనా) పెట్టి ఉన్నంతవరకు, భూమి వంపుని లెక్కలోకి తీసుకుంటుంది.

పట్టికని మ్యాపుతో పేర్లతో కలపొద్దు. 'మహబూబ్‌నగర్' మధ్యలో ఒక ఖాళీ ఉన్నా జిల్లా మాయం. సెన్సస్ కోడ్‌తో కలపండి, ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గానే ఉంచండి. ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే మండలం కోడ్ ముందున్న సున్నా ఎగిరిపోతుంది. అప్పటికీ డేటా లేని చోట్లు మిగిలితే తెలుపు కాదు, బూడిద రంగు గీతలు వేయండి.

తెలుగు లేబుళ్ళకి అక్షరాల మధ్య ఎడం సున్నా ఉండాలి, పెంచితే గుణింతాలు, వత్తులు విడిపోతాయి. రెండు వరసల లేబులైతే వరసల మధ్య ఎడం కాస్త పెంచండి, లేకపోతే పై వరస వత్తు కింది వరస గుడిలో ఇరుక్కుంటుంది. పీడీఎఫ్ తీసేటప్పుడు అక్షరాలని పాత్‌లుగా (గీసిన ఆకారాలుగా) పంపిస్తే ఏ కంప్యూటర్లోనైనా చెదరవు.

ఇంకొకటి: 2011 అంకెల్ని ఇప్పటి 33 జిల్లాల మ్యాపు మీద నేరుగా వేయకూడదు, ఊరు ఊరుగా కూడి తేవాల్సిందే. ఖమ్మం 27,97,370లో 2014లో ఆంధ్రప్రదేశ్‌కి వెళ్ళిన మండలాల జనం కూడా ఉన్నారు. ఆ అంకె వాడితే ఆ పాత సరిహద్దే గీయాలి, మ్యాపు కింద ఆ సంగతి ఒక వాక్యంలో రాయాలి.