అటక మీది సామానూ సామానే

ఇల్లు ఖాళీ చేసి బండిలోనే బతుకుతూ ఊళ్లు తిరగాలనుకునేవాళ్లు మొదట బండి కొంటారు. అది చివర్న చేయాల్సిన పని. ఇంట్లో ఏం మిగులుతుందో తేలాకే ఎంత బండి కావాలో తేలుతుంది. సామాను తగ్గించడం తక్కువలో తక్కువ ఆరు నెలల ముందు మొదలుపెట్టాలి.

మన వైపు సామాను తగ్గించే పద్ధతి ఒకటుంది. మంచివి చెల్లెలింటికి, పెద్దవి పల్లెలో మిద్దె మీది గదికి, తేల్చుకోలేనివి తెలిసినవాళ్ల అటక మీదికి. ఇల్లు ఖాళీ అయినట్టే కనబడుతుంది కానీ ఆ సామాను ఎక్కడికీ పోలేదు. రెండేళ్లకు వాళ్లు ఇంటికి సున్నం కొట్టించుకోవాలనుకున్నప్పుడు ఫోను వస్తుంది, అప్పటికి మీరు ఏ గోవాలోనో ఉంటారు. అందుకే బంధువులింట్లో పెట్టేది ఒక్క ఇనప ట్రంకు పెట్టె, అంతకు మించి వద్దంటాను. దాన్ని ఇటుకల మీద ఎత్తి, గోడకు జానెడు ఎడంగా పెట్టాలి. చెదలు నేల నుంచీ గోడ నుంచీ ఎక్కుతాయి. మూత లోపలి వైపు ఏమేం ఉన్నాయో రాసి అంటిస్తే, ఫలానా కాగితం కావాలని ఫోన్ చేసినప్పుడు వాళ్లు పెట్టె మొత్తం తిరగేయనక్కర్లేదు.

ఇక మిగిలిందంతా తూకం లెక్క. బండి ఓనర్స్ మాన్యువల్‌లో గ్రాస్ వెహికల్ వెయిట్ అని ఉంటుంది, అంటే బండితో కలిపి మొత్తం ఎంత బరువు దాకా ఉండొచ్చో ఆ లెక్క. అందులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే మనుషులకూ నీళ్లకూ సామానుకూ కలిపి. ఇద్దరు మనుషులు 130 కిలోలు, రెండు క్యాన్ల నీళ్లు 40, పడక చట్రం, పరుపు 50, బ్యాటరీ, వైర్లు 25, పొయ్యి, చిన్న సిలిండర్ 15. ఇంకా ఒక్క గుడ్డ, ఒక్క గిన్నె ఎక్కకుండానే 260 కిలోలు. కంటి అంచనా ఇక్కడ పనికిరాదు. బేతంచెర్ల, తాడిపత్రి బండల ఫ్యాక్టరీల దగ్గరా, ఆదోని మార్కెట్ యార్డు చుట్టుపక్కలా లారీల వేబ్రిడ్జిలు ఉంటాయి. ఐదో పదో కిలోలు అటూ ఇటూ అయినా మన అవసరానికి ఆ కాటా చాలు. బండి మొత్తం ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా ఇంకోసారి తూయించాలి. మొత్తం బరువు సరిపోయినా వెనక ఇరుసు మీద ఎక్కువ పడితే స్టీరింగ్ తేలికైపోతుంది, వెనక టైర్ల అంచులు అరుగుతాయి, ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కుతాయి. అయినా నీళ్ల క్యాన్లు, బ్యాటరీ వెనక తలుపు దగ్గరుంటే తీసుకోవడం తేలికని చివర్న పెడుతుంటారు. వాటి చోటు ముందు సీట్ల వెనక, నేల మీద.

ఇంట్లో అన్నిటికన్నా ఆలస్యంగా కదిలేది బీరువా అనుకుంటాం. బీరువా అడిగిన వారంలో పోతుంది. (ఇచ్చే ముందు లాకరు సొరుగు పూర్తిగా బయటికి లాగి, దాని వెనక చెయ్యి పెట్టి చూడండి. పాత రసీదులు, బంగారు షాపు చీటీలు అక్కడే జారి పడుంటాయి.) కదలనిది స్టీలు సామాను. నలుగురున్న ఇంట్లో అరవై గ్లాసులు ఎందుకుంటాయో ఎవరూ చెప్పలేరు. పైగా సగం గిన్నెల మీద చుక్కచుక్కలుగా పేర్లు చెక్కి ఉంటాయి: ఇచ్చినవాళ్ల పేరు, ఊరు, పెళ్లి తేదీ. వాటిని ముందుగా వేరు చేయాలి. పేరున్న గిన్నె పాత సామాన్ల అంగట్లో మేనత్త కంటపడితే ఆ మాట పదేళ్లు పోదు. ఇచ్చినవాళ్ల పిల్లలు తీసుకుంటామంటే వాళ్లకు, లేదంటే అన్నదానం జరిగే గుడికి. గుండిగలు, డేగిశాలు, అన్నం వార్చే పెద్ద చిబ్బెలు కూడా అక్కడికే మేలు. తూకానికి వేస్తే వచ్చేది తక్కువ, గుడిలో వాటికి రోజూ పని.

అమ్మేవాటిని లోహం వారీగా కుప్పలు పోయాలి: ఇనుము, స్టీలు, అల్యూమినియం, ఇత్తడి, రాగి, కంచు. కలిపి ఇస్తే కుప్పకంతా తక్కువ రకం రేటే కడతారు. ఇత్తడి అనుకున్నదానికి అయస్కాంతం అంటుకుంటే అది ఇనుము మీద పూత. కంచు చెంబును వేలితో కొడితే మోత చాలాసేపు నిలుస్తుంది, ఇత్తడి మోత వెంటనే తెగిపోతుంది. కంచుకు ధర ఎక్కువ కాబట్టి ఇత్తడిలో కలవనివ్వకండి. కట్టె పిడులు, బేకలైట్ పిడులు మీరే ఊడదీయండి, లేకపోతే వాటి పేరు చెప్పి తూకంలో అంతకు రెండింతలు తగ్గిస్తారు. కాలిపోయిన మోటారులో రాగి తీగ ఉంటుంది, పాత గీజర్లు చాలావాటిలో ట్యాంకు రాగిదే. వీటిని ఇనప సామాన్ల బండికి వేయకూడదు. సూట్‌కేసులు తూచే చిన్న డిజిటల్ త్రాసుతో ఇంట్లోనే తూచి, గోడ మీద రాసి పెట్టుకుంటే బేరం మాటల్లో పడదు. ‘పాతది ఇచ్చి కొత్తది తీసుకోండి’ అంటే ఒప్పుకోవద్దు, డబ్బులే అడగండి. కొత్త గిన్నెలు మళ్లీ ఇల్లు చేరితే ఈ శ్రమంతా దేనికి?

కాలం కూడా చూసుకోవాలి. కూలర్ ఉగాది ముందు మంచి ధరకు పోతుంది, అదే కూలర్‌ను కార్తీకంలో ఊరికే ఇస్తామన్నా మోసుకెళ్లేవాడుండడు. ఫ్రిజ్ చివరి వారం దాకా ఉంచుకోవచ్చు.

పట్టుచీరల సంగతి వేరు. ధర్మవరం చీర పాతదైతే జరీ ఏ రకమో తెలియకుండా ధర ఒప్పుకోకూడదు. అసలు జరీ అంటే పట్టు దారానికి వెండి తీగ చుట్టి బంగారు పూత వేసింది. టెస్టెడ్ జరీలో వెండి బదులు రాగి తీగ ఉంటుంది. కొంగు అంచున రెండంగుళాల జరీ దారం లాగి గట్టి రాయి మీద రుద్దితే లోపలి తీగ తెలుపో ఎరుపో బయటపడుతుంది. ఒకరి మాటే నమ్మకుండా ఇద్దరి దగ్గర చూపించండి.

పరుపు విషయంలో మాత్రం కొత్తది కొనవద్దని గట్టిగా చెబుతాను. ఫోమ్ పరుపు మన ఎండలకు వీపును ఉడికిస్తుంది, ఇనప బండిలో మరీనూ. ఇంట్లో ఉన్న పాత పత్తి పరుపునో బూరుగుదూది పరుపునో దూది ఏకేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి, బండి లోపలి కొలత ఇచ్చి కొత్తగా కుట్టించండి. ఇద్దరికి ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, మూడంగుళాల మందం చాలు. ఒకే పరుపుగా కాకుండా రెండడుగుల వెడల్పున రెండు ముక్కలు కుట్టిస్తే పగలు మడిచి కూర్చోవచ్చు, ఎండకు వేయడానికి ఒక్కరే మోయవచ్చు. అడుగున పలక మీద వేళ్లు దూరేంత చిల్లులు వరసగా వేయించాలి. లేకపోతే ఒంటి చెమ్మ పరుపు కిందికి దిగి వానాకాలంలో బూజు పడుతుంది. మిగిలిన దూది తలగడలకు సరిపోతుంది. దుప్పట్లకు పాత చీరల బొంతలు రెండు, చలి ప్రాంతాలకు ఒక గొంగళి.

వంటింట్లో మిగలాల్సినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మూడు లీటర్ల కుక్కరు, సంగటి గెలకడానికి లోతైన దళసరి గిన్నె ఒకటి, తెడ్డు, పెనం, మూత సరిగ్గా పట్టే గిన్నెలు రెండు, మనిషికో పళ్లెం, మనిషికో గ్లాసు. గ్రైండరు వద్దు, ఏ ఊళ్లోనైనా దోసె పిండి దొరుకుతుంది. మిక్సీ కూడా ఆలోచించాల్సిందే: 500 వాట్ల మిక్సీ 12 వోల్టుల బ్యాటరీ నుంచి నష్టాలతో కలిపి 50 ఆంపియర్ల దాకా లాగుతుంది, దానికి సన్న వైరు వేస్తే వేడెక్కి కరుగుతుంది. ఊరుబిండి నూరడానికి చిన్న రోలు రెండు కిలోల్లో అయిపోతుంది. ఇండక్షన్ పొయ్యి మాట తలవనే వద్దు. బొరుగులు మాత్రం ఎన్నయినా వేసుకోండి, బరువుండవు, పది నిమిషాల్లో ఉగ్గాణి. చెనిక్కాయల పొడి మూసిన బండి వేడికి త్వరగా మక్కిపోతుంది, అందుకే గింజలు తీసుకెళ్లి ఎప్పటికప్పుడు పావుకిలో దంచుకోవడం మంచిది. ఊరగాయ జాడీలు ఇంట్లోనే ఆగిపోవాలి. గతుకులకు జాడీ పగలకపోయినా నూనె పొంగి బట్టల్లోకి దిగుతుంది. అరకిలో గాజు సీసాలు, మూత కింద పాలిథిన్ కాగితం, పైన రబ్బరు బ్యాండు.

ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండర్ నిండుగా 30 కిలోల దాకా తూగుతుంది. దాని బదులు కనెక్షన్ లేకుండా అమ్మే 5 కిలోలది తీసుకోవాలి. దీనికి అడ్రస్ ప్రూఫ్ అడగరు, గుర్తింపు కార్డు చాలు. గ్యాస్ గాలికన్నా బరువు కాబట్టి లీకైతే బండి నేల మీదే పేరుకుంటుంది. తలుపులు తీసి, వీలైతే బయటే వండాలి. పడుకునే ముందు రెగ్యులేటర్ ఆపడమే కాదు, ఊడదీయాలి. పాత కనెక్షన్‌ను ఏజెన్సీలో సరెండర్ చేసి టర్మినేషన్ వోచర్ తీసుకోండి. సిలిండర్, రెగ్యులేటర్‌తో పాటు మొదట్లో ఇచ్చిన సబ్‌స్క్రిప్షన్ వోచర్ కూడా అడుగుతారు. డిపాజిట్ అప్పుడు కట్టినంతే వస్తుంది, ఇప్పటి రేటు కాదు. మళ్లీ ఎక్కడైనా స్థిరపడితే ఆ టర్మినేషన్ వోచర్‌తోనే కనెక్షన్.

పూజగది దగ్గర చాలామంది ఆగిపోతారు. గాజు పటాలు గుడి ముందు రావిచెట్టు కింద వదిలేసే అలవాటు మంచిది కాదు, గాజు పగిలి ఎవరి కాళ్లకో గుచ్చుకుంటుంది. ఫ్రేమూ గాజూ వేరు చేసి, బొమ్మ కాగితాలు ఆల్బమ్‌లో పెట్టుకోవచ్చు. ఒక చిన్న కుంది ఉంచుకుంటే సరి.

పుస్తకాల్లో పాత తెలుగువి, ముఖ్యంగా తాళపత్రాలుంటే, చిత్తు కాగితాలవాడికి వేయకండి. కడపలో సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది, ముందు ఫోన్ చేసి అడిగి తీసుకెళ్లండి.

కాగితాల్లో అసలుతో పనిపడేవి కొన్నే: రిజిస్టరైన దస్తావేజులు, పాసుపుస్తకాలు, వీలునామా. ఇవి బ్యాంకు లాకర్లో. డ్రైవింగ్ లైసెన్సు, ఆర్‌సీ డిజిలాకర్‌లో ఉంటే చెల్లుతాయి, గ్యాలరీలో ఫోటో ఉంటే చెల్లదు. ఆధార్‌లో అద్దింటి చిరునామా ఉంటే, ఇల్లు వదిలే ముందే కుటుంబ పెద్ద సమ్మతితో వాళ్ల చిరునామాకు ఆన్‌లైన్‌లో మార్చుకోవచ్చు. వాళ్లు 30 రోజుల్లో ఒప్పుకోవాలి, లేకపోతే అర్జీ కొట్టేస్తారు. పాత స్కూటర్, కారు అమ్మితే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి ఊరుకోకుండా, పేరు మారిందాకా వెంటపడండి. రికార్డులో మీ పేరున్నంతకాలం చలానా మీకే, యాక్సిడెంట్ కేసూ మీకే. ఫాస్టాగ్ కూడా మూయించాలి.

బండిలో పనులు చేయించే ముందు ఒక్క మాట. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా మార్పులు కుదరవు. సీట్లు పీకేసి మంచం వెల్డింగ్ చేయిస్తే ఆర్టీఓ దగ్గరా ఇబ్బందే, ఇన్సూరెన్సు క్లెయిమ్‌లోనూ ఇబ్బందే. సీట్లు మడిస్తే వాటి మీద పరుచుకునే, ఊడదీయగలిగే చెక్క చట్రం చాలు. ఇంకో రాష్ట్రంలో 12 నెలలకు మించి బండి ఉంచితే అక్కడ రిజిస్ట్రేషన్ మార్చాలి, కాబట్టి తిరుగుడు తిరుగుడుగానే ఉండాలి.

కరెంటు పెద్ద విషయం కాదు. 20 వాట్ల డీసీ ఫ్యాను ఎనిమిది గంటలు తిరిగితే 160 వాట్ అవర్లు. 12.8 వోల్టుల 50 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 640 ఉంటాయి. ఫ్యాను, ఫోన్లు, దీపాలకు సరిపోయి మిగులుతుంది. ఫ్రిజ్ పెడితే ఈ లెక్కంతా మారిపోతుంది. పెరుగు ఏ రోజుకారోజు కొనుక్కోవచ్చు. ఇన్సులిన్ వాడేవాళ్లకు, తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో కుండ పద్ధతి మన పొడిగాలికి బాగా పనిచేస్తుంది, సముద్రం ఒడ్డున చెమ్మగాలికి అంతగా చేయదు.

బయల్దేరేది దసరా తర్వాతే. ముందు నాలుగు రాత్రులు దగ్గర్లోనే తిరిగి చూడాలి. అనంతపురం నుంచి తాడిపత్రి, బెలుం గుహలు, జమ్మలమడుగు మీదుగా గండికోట, చివరికి కడప. ఎక్కడ ఇబ్బంది వచ్చినా రెండు మూడు గంటల్లో ఇల్లు చేరే దూరం. ఈ నాలుగు రోజుల్లో చెయ్యి తగలని వస్తువులన్నీ, టూల్ కిట్, మందుల డబ్బా, స్టెప్నీ తప్ప, దించేయాలి. మామూలుగా దిగేవి మడత కుర్చీల్లో మూడోది, రెండో బకెట్టు, సగం బట్టలు. దించాక మళ్లీ వేబ్రిడ్జి ఎక్కించి, ఆ బరువుకు డ్రైవర్ తలుపు పక్క స్టిక్కర్‌లో ఫుల్ లోడుకు ఎంత గాలి రాసుందో అంత, పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు పట్టించండి. ఎండలో నడిచిన టైరులో కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి తీయించకూడదు.