రాగి వాషర్

నిన్న రాత్రి జరిగిన దగ్గర్నుంచి రాస్తున్నా, ఎందుకంటే ఇవాళ్టి రోజు నాకు అక్కడే మొదలైంది.

మా హాచరీ, అంటే చేప గుడ్లు పొదిగించి పిల్లల్ని తీసే చోటు, హాలియా దగ్గర, నాగార్జున సాగర్ ఎడమ కాల్వకు కాస్త ఇవతల. పేరుకు నేను డ్రైవర్ని, కానీ బోరు మోటార్లు, జనరేటర్, నీళ్లలో గాలి కలిపే ఎయిరేటర్లు, పైపులు, వాల్వులు అన్నీ నేనే చూసుకుంటా. వానాకాలమంతా పగలు బండి, రాత్రి మోటార్ల కాపలా. ఇక్కడ పడుకుంటే చెవిలో ఎప్పుడూ ఒక చప్పుడు ఉంటుంది, బోరు నీళ్లు పైన ట్యాంకులోకి జల్లులా పడే చప్పుడు. బోరు నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, నేరుగా గుడ్లకు వదిలితే పనికిరావు, అందుకే గాలి కలిసేలా పైనుంచి పడేటట్టు పెట్టుకున్నాం. ఆ చప్పుడు ఆగిందంటే ఎంత నిద్రలో ఉన్నా లేచి కూర్చుంటా.

నిన్న సాయంత్రం ఐదింటికి రవ్వ (రోహు) తల్లి చేపలకు గుడ్లు పెట్టించే ఇంజెక్షన్ వేశారు. మందు పడిన ఐదారు గంటలకు గుండ్రటి తొట్టిలో ఒక్కసారిగా అలజడి మొదలవుతుంది, మగచేపలు ఆడచేపల వెంట పడి తరుముతుంటే తోకల దెబ్బలకు నీళ్లు గోడ దాటి బయట పడతాయి. ఎన్నిసార్లు చూసినా నేను అక్కడినుంచి కదలలేను. పదకొండు ప్రాంతంలో గుడ్లు పెట్టాయి. అవి నీళ్లు పీల్చుకుని నానిన సగ్గుబియ్యంలా ఉబ్బాక, అన్నింటినీ పొదిగే తొట్టిలోకి మార్చి ఒంటిగంటకు నడుం వాల్చా.

రెండుంబావుకు చప్పుడు ఆగింది. కరెంట్ పోయింది.

పొదిగే తొట్టి అడుగున బాతుమూతి లాంటి నాజిళ్లు ఉంటాయి, అన్నీ ఒకే వైపు తిరిగి ఉంటాయి. వాటిలోంచి వచ్చే నీళ్ల ఒత్తిడికి తొట్టిలో నీళ్లన్నీ మెల్లగా గుండ్రంగా తిరుగుతాయి, గుడ్లూ వాటితోపాటు తేలుతూ తిరుగుతాయి. నీళ్లు ఆగితే గుడ్లు అడుక్కు చేరి, ఒకదానిమీద ఒకటి పడి, ఊపిరాడక చచ్చిపోతాయి. పైన ట్యాంకులో ఉన్న నీళ్లు ముప్పావుగంట వస్తాయేమో, అది కూడా ఒత్తిడి తగ్గుతూ తగ్గుతూ. ఆలోపు జనరేటర్ అందుకోవాలి.

అందుకోలేదు. సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ మాత్రం ఉలకదు. మూడుసార్లు కొట్టి ఆపేశా, బ్యాటరీ కూడా దిగిపోతే ఇక చేసేదేమీ ఉండదు. ట్యాంకులో డీజిల్ ఉంది. ఫిల్టర్ మీది గాలి స్క్రూ వదులు చేసి చేతి పంపు కొడితే డీజిల్‌కు బదులు నురగ వచ్చింది. ఎయిర్ పట్టేసింది, అంటే డీజిల్ పైపులో గాలి చేరింది.

నాతో ఉన్న పిల్లగాడు చేరి రెండు నెలలే. తొట్టి దగ్గర టార్చి పట్టుకుని "అన్నా, గుడ్లు కిందికి దిగుతున్నయే" అని అరిచాడు, వాడి గొంతు వణుకుతోంది. "చెయ్యి పెట్టి నీళ్లు తిప్పురా, మెల్లగా, ఎటు తిరుగుతున్నయో అటే, గోరు తగలనీకు" అని ఇక్కడినుంచే చెప్పి నేను పంపు కొడుతూనే ఉన్నా. బుడగలు తగ్గాయి, మళ్లీ వచ్చాయి, మళ్లీ తగ్గాయి. చివరికి డీజిల్ తేటగా దారంలా కారింది. స్క్రూ బిగించి సెల్ఫ్ కొడితే ఇంజన్ రెండుసార్లు దగ్గి అందుకుంది. బోరు నీళ్లు ట్యాంకులో పడిన చప్పుడు విన్నాక గానీ నా చేతుల వణుకు నాకు తెలియలేదు.

గాలి ఎక్కడినుంచి దూరిందో వెతికితే ఫిల్టర్‌కు వచ్చే పైపు బోల్టు కింద తడి కనిపించింది. అక్కడ ఒక రాగి వాషర్ ఉంటుంది, రూపాయి బిళ్లంత కూడా ఉండదు. పోయిన నెల సర్వీసింగ్ చేసినప్పుడు కొత్తది దొరకలేదని పాతదే తిప్పి వేశా. ఆ సంగతి గుర్తొచ్చాక నిద్ర పట్టలేదు.

ఐదున్నరకు లోడింగ్. దేవరకొండ దాటి దిండి వైపు ఒక ఊరి మత్స్యకారుల సంఘం చెరువుకు చేప పిల్లలు, వేలెడంత సైజువి. తెలంగాణ సర్కారు 2016-17 నుంచి ఉచితంగా చేప పిల్లలు వేస్తోంది, ఊరి చెరువులకు 35-40 మిల్లీమీటర్లవి, పెద్ద రిజర్వాయర్లకు 80-100 మిల్లీమీటర్లవి. ఈ సంఘం వాళ్లు వాటికి తోడు సొంత డబ్బులతో పెద్ద సైజు కొనుక్కున్నారు, వాళ్ల చెరువులో కొర్రమట్టలు ఎక్కువ, చిన్నవి వేస్తే వాటికి మేత అయిపోతాయని. ముందురోజు నుంచే పిల్లలకు మేత ఆపి హాపాల్లో, అంటే నీళ్లలో కట్టిన వల తొట్లలో ఉంచుతాం. కడుపు ఖాళీగా ఉంటే దారిలో నీళ్లు పాడుకావు. ఇది తెలియనివాళ్లు జాలిపడి తవుడు వేస్తారు, ఆ జాలే వాటిని చంపుతుంది.

ఈ లోడుతో బండి నడపడం వేరే పని. సడన్ బ్రేక్ వేస్తే నీళ్లు ఒక్కసారిగా ముందుకు కొట్టి పిల్లలు ట్యాంకు గోడకు తగులుతాయి, పొలుసులు ఊడతాయి, అలాంటివి రెండు మూడు రోజుల తర్వాత చస్తాయి, మనకు తెలియను కూడా తెలియదు. మల్లేపల్లిలో ఒకసారి ఆపి మూత తీసి చూశా. పిల్లలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆక్సిజన్ చాలనట్టు. అలా లేవు, నిదానంగా తిరుగుతున్నాయి. టీ తాగకుండానే బయలుదేరా.

చెరువు గట్టు మీద సంఘం వాళ్లు ఇరవై మంది దాకా ఉన్నారు. కుర్రాళ్లు వెంటనే పైపు పెట్టి వదిలేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. బండిలో నీళ్లు చల్లగా ఉన్నాయి, చెరువు నీళ్లు అప్పటికే వెచ్చబడ్డాయి. బకెట్లతో చెరువు నీళ్లు కొంచెం కొంచెం ట్యాంకులో పోయించా, రెండు నీళ్లలో చెయ్యి పెడితే ఒకే తీరు అనిపించేదాకా, దాదాపు అరగంట. ఒక పెద్దాయన నా పక్కనే నిలబడి తనూ చెయ్యి పెట్టి చూసి "ఇప్పుడు సరిపోయింది బిడ్డా" అన్నాడు. చిల్లుల డబ్బా ఒకటి ముంచి అందులోని పిల్లల్ని అందరి ముందు లెక్కపెట్టించాం, తర్వాత డబ్బాల లెక్క. మొదటి డబ్బా ఆయనే వంగి వదిలాడు. పిల్లలు ఒక్క క్షణం ఆగి, అన్నీ ఒకేసారి మలుపు తిరిగి లోతుకు పోయాయి. "దసరాకు కాదు, ఎండాకాలానికి చూడాలె ఇవి" అని ఆయన ఎవరితోనో అంటున్నాడు, నాకు కళ్లు చెమ్మగిల్లాయి, రాత్రి నిద్ర లేకపోవడం వల్ల కూడా కావచ్చు.

వచ్చేటప్పుడు దేవరకొండలో స్పేర్ పార్ట్స్ షాపులో రాగి వాషర్లు అరడజను తీసుకున్నా.

నాలుగింటికి హాచరీలో దిగి నేరుగా పొదిగే తొట్టి దగ్గరికే పోయా. గుడ్లు పిగిలిపోయాయి. సూదిమొన లాంటి పిల్లలు నిట్టనిలువుగా లేచి, మళ్లీ జారి, మళ్లీ లేస్తున్నాయి. మూడు రోజులు వాటికి మేత అక్కర్లేదు, పొట్టకింది సొనే తిండి. మధ్య జాలీకి గుడ్ల పెంకులు పట్టేసి నీళ్లు పొంగేలా ఉన్నాయి, మెత్తటి బ్రష్‌తో గంటసేపు మెల్లగా తుడిచా. ఒక పక్కన తెల్లబడ్డ గుడ్లు పోగుపడి ఉన్నాయి, రాత్రి అడుక్కు దిగినవే. సారు చూసి ఏమీ అనలేదు. నేనే చెప్పా, పాత వాషర్ వేసింది నేనేనని. "ఇప్పుడు మార్చినవా?" అని మాత్రం అడిగాడు.

మార్చాను. కొత్తది వేసి, అరగంట జనరేటర్ నడిపి, బోల్టు చుట్టూ వేలితో తడిమి చూశా, పొడిగానే ఉంది. మిగతా వాషర్లు ప్యానెల్ బోర్డు లోపల మేకుకు తగిలించా, చీకట్లో కూడా చేతికి అందేలా. పిల్లగాడికి గాలి స్క్రూ ఎక్కడుందో చూపించి, వాడి చేత్తోనే రెండుసార్లు విప్పించి బిగించమన్నా. రేపు సాయంత్రం బొచ్చెలకు ఇంజెక్షన్.