ఫోను చదవలేకపోయిన పుస్తకం

విజయవాడలో ఇరవై రెండేళ్లుగా డీటీపీ, అంటే కంప్యూటర్లో అచ్చు పేజీలు కట్టే పని, చేస్తున్నాను. పేజ్‌మేకరు, పాత తెలుగు ఫాంట్లు, వాటి కీబోర్డు... నా వేళ్లకు వచ్చింది అదే. కిందటేడు ఒక మాస్టారు షాపుకొచ్చారు. ఆయన వ్యాసాల పుస్తకం కంపోజ్ చేసింది నేనే. ఇప్పుడాయనకు చూపు ఆనడం లేదు. "ఫోను చదివి వినిపిస్తుందట కదమ్మా, నా పుస్తకం పీడీఎఫ్ ఇవ్వు" అన్నారు. ఇచ్చాను. ఫోను ఒక్క తెలుగు మాట పలకలేదు. ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కలిపి ఏదేదో చదివింది.

ఆ ఫైల్లో అసలు తెలుగే లేదు. ఇంగ్లిషు అక్షరాలకు ఫాంటు తెలుగు రూపాలు తొడిగింది, అంతే. వెతికితే ఒక్క మాట దొరకదు. ఇన్నేళ్లూ నేను కొట్టిన పేజీలన్నీ ఇంతేనా అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇక యూనికోడ్‌లోకి, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉండే పద్ధతిలోకి, మారాలనుకున్నాను. లినక్స్ మింట్ (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్), లిబ్రెఆఫీస్ (రాతకు), స్క్రైబస్ (పేజ్‌మేకరులా పేజీలు కట్టడానికి) ఎక్కించుకోవడం ఒక మధ్యాహ్నం పని. కష్టమంతా కీబోర్డుతోనే. ఇన్‌స్క్రిప్ట్ అనే యూనికోడ్ కీబోర్డు అమరికలో 'కె' మీట నొక్కితే క, 'డి' నొక్కితే పొల్లు. పాత పద్ధతిలో వత్తు ఒక విడి బొమ్మ. ఇక్కడ పొల్లు పెట్టి తర్వాతి హల్లు కొడితే వత్తు దానంతటదే పడుతుంది. నోటితో పలికే వరసే ఇది. అయినా వేళ్లు వినవు. మొదటి రెండు వారాలు గంటకు ఒక పేజీ కూడా తేలలేదు. పెళ్లి కార్డులు పాత సిస్టమ్‌లోనే చేసిచ్చాను, ముహూర్తాలు మనకోసం ఆగవు కదా.

నన్ను బాగా ఏడిపించింది 'సాఫ్ట్‌వేర్' అనే మాట. ఎన్నిసార్లు కొట్టినా 'సాఫ్ట్వేర్' అని వ వెళ్లి కింద చేరేది. పొల్లుకీ వ-కీ మధ్య కంటికి కనపడని గుర్తు ఒకటి పెట్టాలని తెలిసేదాకా రెండు రోజులు పట్టింది.

పేజీలు కట్టడానికి స్క్రైబస్ కొత్త వెర్షనే వేసుకోండి. తెలుగు గుణింతాలూ వత్తులూ సరిగా కలపడం 1.5.3తో వచ్చింది, 2024 జనవరిలో వచ్చిన 1.6 నేను వాడుతున్నది. ప్రెస్సుకి కావలసిన నాలుగు రంగుల పీడీఎఫ్ ఇస్తుంది. ఫాంట్లకు కొదవ లేదు: పోతన, మండలి, శీర్షికలకు రామభద్ర. అన్నీ ఉచితమే.

మాస్టారి పుస్తకాన్ని కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌లోకి తెచ్చాను. కొన్ని చోట్ల వత్తులు ఎగిరిపోయాయి. అచ్చు పుస్తకం పక్కన పెట్టుకుని మూడు వారాలు దిద్ది పంపాను. నాలుగో రోజు ఆయన ఫోన్ చేశారు. "రెండో వ్యాసంలో 'ఉద్యమం' బదులు 'ఉదమం' అని చదువుతోందమ్మా, య వత్తు పోయినట్టుంది."

దిద్ది మళ్లీ పంపాను.