దవాఖానకు తోడెవరు?

దగ్గు మొదలైంది 2024లో, పత్తి ఏరే రోజుల్లో. మాది దేవరకొండ వైపు పల్లె. నవంబరులో మా ఊళ్లో దగ్గని మనిషెవరు? పొద్దున మంచు, పగలంతా పత్తి దుమ్ము. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. రాత్రి చెమటకు జాకెట్టు తడిసిపోయేది. "వేడి చేసింది, అదే తగ్గుతది" అని మా అత్తమ్మ మజ్జిగ కలిపి ఇచ్చేది.

నేను మహిళా సంఘం లెక్కలు రాస్తాను. రెండు వారాలు దాటినా దగ్గు తగ్గకపోతే తెమడ పరీక్ష చేయించుకోవాలన్న పోస్టరు మా సంఘం గదిలోనే ఉంది. అంటే తెలియక ఆగలేదు. మా దగ్గర ఆడమనిషి దవాఖానకు ఒక్కతే పోదు. మా ఆయన హైదరాబాద్‌లో డ్రైవరు. మామకు మోకాళ్ల నొప్పులు. ఇక మరిది. ఆయన వస్తానన్న రోజే ఏరడానికి కూలీలు దొరికేవాళ్లు. కూలీలు దొరికిన రోజు చేను వదిలి ఎవరొస్తారు?

కాబట్టి ఊళ్లో ఆర్‌ఎంపీయే దిక్కు. సూది వేశాడు, గ్లూకోజు ఎక్కించాడు, సిరప్ రాశాడు. రెండు రోజులు బాగుండేది, మళ్లీ మొదలు. ఆయన్ను తిట్టడానికి మాత్రం నాకు మనసు రాదు. రాత్రి పదకొండింటికి ఫోన్ చేసినా బండేసుకుని వస్తాడు. పైసలు పత్తి అమ్మినాక ఇద్దువులే అంటాడు. చదువుకున్న డాక్టర్లలో ఆ మాట అన్నవాళ్లను నేను చూడలేదు.

మా ఆయన లెక్క వేరు. "పత్తి పైసలు రానీ, హైదరాబాద్‌లో పెద్ద దవాఖానలో చూపిద్దాం. కార్డు ఉంది కదా" అనేవాడు. ఆ నమ్మకం మా పుట్టింటి నుంచి వచ్చిందే. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదట వచ్చిన మూడు జిల్లాల్లో మా పుట్టింటి మహబూబ్‌నగర్ ఒకటి. తర్వాత మా నాన్నకు గుండె ఆపరేషన్ దాని మీదే పైసా ఖర్చు లేకుండా జరిగింది. అప్పటి నుంచి మా రెండిళ్లలో ఏ రోగమొచ్చినా కార్డు మాటే. ఇప్పుడు దాని పరిమితి పది లక్షలకు పెరిగింది కూడా. కానీ అది ఆస్పత్రిలో చేరి చేయించుకునే వైద్యానికి. దగ్గు ఎందుకొస్తుందో తెలుసుకునే దాకా తిరిగే ఖర్చు మనదే.

ఓ రోజు కళ్లెలో నెత్తురు చార కనిపించింది. తెల్లారి బ్యాంకు పని ఉందని చెప్పి బస్సెక్కాను. సంఘం పని మీద బ్యాంకుకు పోతే మాత్రం ఎవరూ తోడు అడగరు, అదొక వింత. బస్సు ఛార్జీకి ఎవరి ముందూ చెయ్యి చాచే పని లేదు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కదా. ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొట్టిచ్చాడు. దాని మీద చాలా జోకులు విన్నాను. నన్ను దవాఖాన గడప ఎక్కించింది అదే.

అక్కడ మూత ఉన్న చిన్న డబ్బా చేతిలో పెట్టి, ఆరుబయటికి పోయి గట్టిగా దగ్గి తెమడ తీసుకురమ్మన్నారు. మొదట ఉత్త ఉమ్మే వచ్చింది. నర్సు చూసి, "ఇది నోట్లోది అక్కా, లోపలిది కావాలి. గట్టిగా ఊపిరి పీల్చి దగ్గు" అని మళ్లీ పంపింది. దాన్ని టీబీ క్రిములు వెతికే ట్రూనాట్ మిషన్‌లో పెట్టారు. ఆ రోజే చెప్పేశారు, టీబీ అని. బరువు 43 కిలోలు. రోజుకు మూడు మాత్రలు, ఆరు నెలలు, ఒక్క రోజూ తప్పొద్దన్నారు. మూత్రం ఎర్రగా వస్తుంది, భయపడొద్దని ముందే చెప్పి మంచి పని చేశారు. లేకపోతే ఆ రాత్రే మాత్రలు చెత్తలో పడేసేదాన్ని.

ఇంట్లో చెప్తే అత్తమ్మ మొదటి మాట, "బయట నిమ్ము అని చెప్పు." ఆడబిడ్డకు సంబంధాలు చూస్తున్నారు. ఆశా వర్కర్ ఇంటికొస్తే నలుగురికీ తెలుస్తుందని మాత్రలు నేనే సబ్‌సెంటర్‌కు పోయి తెచ్చుకునేదాన్ని. మొదట్లో వాంతులు, కీళ్ల నొప్పులు. పత్యం అని గుడ్డు, వంకాయ బంద్ చేసింది అత్తమ్మ. గుడ్లే తినాలని ఆశా వర్కర్ చెప్పిందన్నా వినలేదు. పోషణకని సర్కారు ఇచ్చే పైసలు, 2024 నవంబరు నుంచి నెలకు వెయ్యి, నా ఖాతాలో పడ్డాక ఆ పైసలతోనే గుడ్ల ట్రే తెప్పించాను. అప్పుడు ఊరుకుంది. పిల్లలకూ పరీక్షలు చేసి, రోగం లేదని తేల్చి, రాకుండా ఉండడానికి మాత్రలిచ్చారు.

నెల తిరిగేసరికి రాత్రి చెమటలు పోయాయి. కోర్సు అయిపోయేసరికి బరువు యాభై దాటింది. చివరి తెమడ పరీక్షలో ఏమీ లేదని తేలింది. రెండేళ్ల దాకా ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకోమన్నారు.

ఇప్పుడు మా గల్లీలో ఇంకో ఆమె దగ్గుతోంది. నిమ్ము అనే చెప్తోంది. నాతో బస్సులో రమ్మంటే సరేనంది, కానీ ఆమె ఆధార్ కార్డు ఏదో లోన్ పని మీద భర్త పట్నం పట్టుకుపోయాడట. ఏదో ఒక ఒరిజినల్ గుర్తింపు కార్డు లేనిదే జీరో టికెట్ కుదరదు, ఆమెకున్నది అదొక్కటే. శనివారం ఊరికొచ్చే వాళ్లతో పంపమని ఆయనకు ఫోన్ చేయించాను.