భద్రాచలం ఎంపీ సీటు ఎటు పోయింది?

భద్రాచలం పేరుతో ఇప్పుడు అసెంబ్లీ నియోజకవర్గమే ఉంది. 1967 నుంచి 2009 ఎన్నికల ముందు వరకు అదే పేరుతో ఎస్టీ రిజర్వుడ్ లోక్‌సభ స్థానం కూడా ఉండేది. గోదావరి కుడిగట్టున బూర్గంపహాడ్‌ నుంచి తూర్పుగోదావరి ఏజెన్సీలోని ఎల్లవరం మీదుగా విశాఖ మన్యంలోని చింతపల్లి దాకా, మూడు జిల్లాల్లో విస్తరించిన సీటు అది. భద్రాచలం నుంచి చింతపల్లి వెళ్లాలంటే చింతూరు దాటి మోతుగూడెం, డొంకరాయి, సీలేరు మీదుగా కొండలెక్కాలి. ఇంత దూరం తిరిగి ఓటు అడగడమే కాదు, గెలిచాక అక్కడివాళ్లకు అందుబాటులో ఉండటమూ కష్టమే.

ఈ సీటు గురించి ఎక్కువమంది గమనించని సంగతి ఒకటుంది. ఇక్కడ 11 సాధారణ ఎన్నికలు జరిగితే 7 సార్లు మహిళలే గెలిచారు. బి. రాధాబాయి ఆనందరావు 1967, 1971, 1977, 1980లలో వరుసగా నెగ్గారు. కర్రెద్దుల కమలకుమారి 1989, 1991లలో, తెలుగుదేశం తరఫున దుంపా మేరీ విజయకుమారి 1999లో గెలిచారు. మిగతా నాలుగు ఎన్నికల్లోనూ కమ్యూనిస్టులదే గెలుపు: 1984, 1996, 1998లలో సీపీఐ నాయకుడు సోడె రామయ్య, 2004లో సీపీఎం నుంచి మిడియం బాబూరావు. ఒక ఏజెన్సీ సీటుకు ఇది గర్వంగా చెప్పుకోదగ్గ చరిత్ర.

మరి ఎందుకు రద్దయింది? గిరిజన సీట్లు తగ్గాయేమో అనుకుంటారు. నిజానికి పెరిగాయి. 2001 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలో ఎస్టీలు సుమారు 6.6 శాతం. 42 లోక్‌సభ సీట్లలో ఆ వాటా లెక్కగడితే 2.77 వస్తుంది, అంటే 3 సీట్లు. 294 అసెంబ్లీ సీట్లలో 19. అంతకుముందు ఎస్టీలకున్న ఎంపీ సీట్లు పార్వతీపురం, భద్రాచలం రెండే. నియోజకవర్గాల పునర్విభజన కోసం వేసిన జస్టిస్ కుల్దీప్ సింగ్ కమిషన్ ఏడేసి అసెంబ్లీ సెగ్మెంట్లతో గీతలు మళ్లీ గీసి, ఎస్టీల శాతం ఎక్కువగా తేలిన అరకు, మహబూబాబాద్, ఆదిలాబాద్‌లను రిజర్వు చేసింది. పాత రెండు పేర్లూ పోయాయి.

భద్రాచలం అసెంబ్లీ సీటు, బూర్గంపహాడ్ రద్దయ్యాక వచ్చిన పినపాక మహబూబాబాద్‌లో కలిశాయి. ఎల్లవరం స్థానంలో వచ్చిన రంపచోడవరం అరకు కిందికి వెళ్లింది. చింతపల్లి అసెంబ్లీ సీటు పూర్తిగా పోయింది. నియోజకవర్గాలు భౌగోళికంగా దగ్గరగా ఉండాలని, రాకపోకల సౌకర్యం చూడాలని నియోజకవర్గాల పునర్విభజన చట్టమే చెబుతుంది. అయినా పాలకొండ నుంచి రంపచోడవరం దాకా సాగిన అరకు ఏకంగా నాలుగు జిల్లాల సీటయింది. జనాభా లెక్క సరిపోయింది కానీ దూరం సమస్య తీరలేదనే నా అభిప్రాయం. 2009లో బాబూరావు అరకు నుంచి పోటీ చేసి కిశోర్ చంద్రదేవ్ చేతిలో ఓడిపోయారు.

పాత ఫలితాలను కొత్తవాటితో పోల్చేవాళ్లు ఒక జాగ్రత్త తీసుకోవాలి. పేరు మారకపోయినా సెగ్మెంటు హద్దులు మారి ఉండొచ్చు. 2004, 2009 ఓట్ల మొత్తాలను నేరుగా పక్కపక్కన పెడితే, ఓటర్ల మొగ్గులో లేని మార్పు ఉన్నట్టు కనిపిస్తుంది. బూత్‌లవారీ ఓట్లుండే ఫారం 20 తీసి, ఊరి పేరును బట్టి కలుపుకోవాలి. బూత్ నంబర్లు మారుతుంటాయి కాబట్టి వాటిని నమ్ముకోకూడదు.

అసలు చిక్కు 2014లో వచ్చింది. చింతూరు, కూనవరం, వీఆర్ పురం, పట్టణం మినహా భద్రాచలం మండలం, కుక్కునూరు, వేలేరుపాడు, బూర్గంపహాడ్‌లో కొన్ని గ్రామాల ఓటర్లు ఏప్రిల్ 30న తెలంగాణ సీట్లకు ఓటేశారు. మే నెలాఖరులో పోలవరం ప్రాజెక్టు ముంపు ప్రాంతాలపై ఆర్డినెన్స్ వచ్చి వాళ్ల ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. వాళ్లు ఎన్నుకున్న ఎమ్మెల్యేలు హైదరాబాద్‌లో తెలంగాణ సభలో కూర్చున్నారు. వాళ్లను పాలించే ఆంధ్రప్రదేశ్ సభలో మాత్రం వాళ్ల ఓటుతో గెలిచినవాళ్లెవరూ లేరు. ముంపు పరిహారం, పునరావాసం తేలాల్సిన ఏళ్లలోనే ఈ లోటు ఏర్పడటం గిరిజనులకు జరిగిన పెద్ద అన్యాయం. 2018లో గానీ ఆ మండలాలను ఆంధ్ర నియోజకవర్గాల్లో చేర్చలేదు. భద్రాచలం ఎమ్మెల్యేగా 2014లో గెలిచిన సున్నం రాజయ్య సొంతూరు కూడా విలీనమైన వీఆర్ పురం మండలంలోనిదే. 2019లో ఆయన రంపచోడవరం నుంచి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీకి పోటీ చేశారు.